పుణ్యగిరి పైన గెడ్డ దాటిన రోజు: నా అనుభవం

2025 అక్టోబరు 26, ఆదివారం బయలుదేరాలని అనుకున్నాం. ఆ వారమంతా మొంథా తుపాను హెచ్చరికలే. 28వ తేదీ రాత్రి అది గోదావరి జిల్లాల వైపు తీరం దాటింది కానీ మా ఉత్తరాంధ్ర కొండల్నీ వాన వదలలేదు. పోనీ నవంబరు 2న వెళ్దామా అని ఫోను చేస్తే, దారి చూపిస్తానని ఒప్పుకున్న అబ్బాయి ససేమిరా అన్నాడు. "చెట్లు పడిపోయాయి మేడం. గెడ్డ ఇంకా ఎర్రగానే పారుతోంది. నీరు తేరుకోనివ్వండి." గెడ్డ అంటే మా వైపు కొండవాగు. చివరికి నవంబరు 9, ఆదివారం ఖాయమైంది.

శృంగవరపుకోట దగ్గరి పుణ్యగిరి మా విజయనగరం జిల్లాలో అందరికీ తెలిసిందే. ఉమాకోటిలింగేశ్వరస్వామి గుడి, ధారగంగమ్మ, శివరాత్రి జాతర. గుడి వరకు మెట్లున్నాయి, మనుషుల అలికిడి ఉంటుంది. మేము వెళ్ళింది ఆ పైకి. గెడ్డ వెంబడి ఎక్కి ఒక జలపాతం చూసి, అక్కడి నుంచి కొండ మీది గిరిజన గ్రామానికి చేరి, ఇంకో వాలున దిగి వచ్చే చుట్టు దారి. జలపాతం పేరు, గ్రామం పేరు కావాలనే రాయడం లేదు. పేరు పట్టుకుని, ఫోనులో దారి వెతుక్కుంటూ ఎవరూ సొంతంగా బయలుదేరకూడదన్నదే నా ఉద్దేశం. ఆ రోజు మాతో ఆ అబ్బాయి లేకపోతే ఏమయ్యేదో తలుచుకోవడానికి కూడా నాకు మనసు రాదు.

మేము నలుగురం. నేను, మా మరిది, తోడికోడలు, ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న వాళ్ళబ్బాయి. నేను ఉన్నత పాఠశాలలో పాఠాలు చెబుతాను. కొండ మీది బడిలో పనిచేసే ఒక ఉపాధ్యాయుడి ద్వారా దారి చూపే అబ్బాయి పరిచయమయ్యాడు. కొండదొర తెగ యువకుడు, వయసు పాతికలోపే. శనివారం సాయంత్రం ఫోనులో షరతులు చెప్పాడు. ఉదయం ఎనిమిదిలోగా మెట్ల దగ్గర ఉండాలి. చీకటి పడకముందే కిందికి దిగాలి. తను ఆగమన్న చోట ఆగాలి, ఎందుకని వాదించకూడదు. గుడి దాటాక ఫోన్లు పనిచేయవు కాబట్టి ఇంట్లో ఆ మాట చెప్పి రావాలి. కూలి ఏడు వందలు అడిగాడు.

ఆదివారం ఉదయం ఆరు గంటలకు ఆర్టీసీ కాంప్లెక్స్‌లో ఎస్.కోట (శృంగవరపుకోట) బస్సు ఎక్కాం. ఆడవాళ్ళకు ఉచిత బస్సు ప్రయాణమిచ్చే స్త్రీ శక్తి పథకం ఆగస్టు 15 నుంచి అమల్లో ఉంది కదా, ఆధార్ కార్డు చూపిస్తే నాకూ తోడికోడలికీ డబ్బు లేని టికెట్లు ఇచ్చారు. మరిదికీ పిల్లవాడికీ మాత్రమే ఖర్చు. ఏడుంబావుకల్లా దిగి, ఇడ్లీలు తిని, ఆటో మాట్లాడుకున్నాం. కొండ కిందికి రెండు వందలు. పావుగంట కూడా పట్టలేదు.

అది కార్తీక మాసంలో ఆదివారమన్న సంగతి మెట్ల దగ్గరికి వెళ్ళాక గానీ పూర్తిగా తెలియలేదు. వనభోజనాలకు వచ్చిన కుటుంబాలు, ఉసిరి చెట్ల కింద పరిచిన చాపలు, పెద్ద పెద్ద గిన్నెలు. ధార దగ్గర స్నానాలకు వరుస. దర్శనం చేసుకుని బయటపడేసరికి ఎనిమిదిన్నర దాటింది. గుడి వెనక ఇరవై నిమిషాలు నడిస్తే చాలు, ఆ సందడి అంతా మాయమైంది. జీడిమామిడి తోటలు అయిపోయి అడవి మొదలైంది. అడ్డతీగలు చెట్లను చుట్టుకుని పైకి పాకి ఉన్నాయి. దారి మనిషి వెడల్పే, రెండు పక్కలా తడి తుప్పలు. అరగంటకే మోకాళ్ళ వరకు బట్టలు తడిసిపోయాయి.

మొదటి దాటు తొమ్మిది దాటాక వచ్చింది. చీలమండ లోతు, తేట నీరు, అడుగున ఇసుక. అక్కడే అతను మాకు కొన్ని సంగతులు చెప్పాడు. మేము బూట్లు విప్పబోతుంటే వద్దన్నాడు. తను మాత్రం చెప్పులు చేత్తో పట్టుకుని దిగాడు. వాళ్ళ పాదాలకు ఆ రాళ్ళు అలవాటు, మన పాదం ఒక్క పదును రాయి తగిలితే తడబడుతుంది. తడిసిన బూట్లతో రోజంతా నడవడం ఎంత ఇబ్బందో తర్వాత తెలిసింది. అయినా అతని మాటే సరైనది. ఇంకొకటి, వీపున ఉన్న సంచి నడుము పట్టీ, ఛాతీ పట్టీ తీసేయాలి. పడితే సంచిని వదిలించుకుని లేవడానికి వీలుండాలి. తాడు మాత్రం ఒంటికి కట్టుకోకూడదట. మనిషి పడితే ఆ తాడే నీటి కింద పట్టి ఉంచుతుందన్నాడు.

రెండో దాటు మోకాలి లోతు. మోకాలి లోతంటే మాకు ఏమంత అనిపించలేదు. దిగాక తెలిసింది దాని బలం. కాలు ఎత్తగానే నీరు దాన్ని కిందికి లాగుతుంది, ఎక్కడ పెట్టాలనుకున్నామో అక్కడ పడదు. నీటికి ఎదురు తిరిగి నిలబడి, కర్రను ముందు పోటు పెట్టి, అడుగులు ఎత్తకుండా పక్కకు జరుపుకుంటూ దాటించాడు. పాచి పట్టిన పెద్ద బండల మీద ఎక్కవద్దని, వాటి మధ్యనున్న చిన్న రాళ్ళ మీదే అడుగు వేయాలని పదే పదే చెప్పాడు. పది గజాలు దాటడానికి మా నలుగురికీ కలిపి దాదాపు పావుగంట పట్టింది.

జలపాతం దగ్గరికి పదిన్నరకు చేరాం. రెండు అంచెలుగా దూకుతోంది. తుపాను వానల నీరు కొండలో ఇంకా ఉంది కాబట్టి నిండుగా పడుతోంది. దాని ఎదురుగా నిలబడితే తుంపర ముఖాన్ని తడిపేస్తుంది, పక్కవాళ్ళ మాట వినిపించదు. మా తోడికోడలు కళ్ళు తుడుచుకోవడం చూశాను. ఇన్నేళ్ళు ఇంత దగ్గరలో ఉండి ఎప్పుడూ రాలేదని అంది. గుండం లోతు కనిపించడం లేదని దారి చూపే అబ్బాయి మమ్మల్ని స్నానానికి దిగనివ్వలేదు. పిల్లవాడు ముఖం ముడుచుకున్నాడు. నాకు మాత్రం ఊరటగా అనిపించింది, మన జిల్లాల్లో ఇలాంటి గుండాల్లో ఈతకు దిగి ప్రాణాలు పోగొట్టుకున్న కుర్రవాళ్ళ వార్తలు ఎన్ని చదవలేదు!

అరగంట కాకముందే దారి చూపే అబ్బాయి పైకి చూసి "పదండి" అన్నాడు. మా నెత్తిన ఎండ ఉంది. పై కొండ మాత్రం కనిపించడం లేదు, మబ్బు దిగిపోయింది.

జలపాతం పక్క నుంచి నిట్టనిలువు దారి. చెట్ల వేళ్ళు పట్టుకుని ఎక్కాలి. అక్కడే జలగలు పట్టాయి. నాకు ఎడమ మడమ పైన మేజోడు అంచున ఒకటి. పీకబోతే అతను ఆపి, పొట్లంలోని ఉప్పు చిటికెడు వేశాడు, ముడుచుకుని రాలిపోయింది. నొప్పి లేదు. రక్తం మాత్రం గంట వరకు కారుతూనే ఉంది. జలగ లాలాజలంలోని పదార్థం రక్తాన్ని గడ్డకట్టనివ్వదని పిల్లలకు పాఠంలో చెప్పే మాటే, నా కాలి మీద చూసుకుంటుంటే భయం వేసింది. దూది పెట్టి గట్టిగా కట్టాక ఆగింది.

పదకొండున్నరకు వాన మొదలైంది. పెద్దది కాదు, గొడుగు వేసుకుని నడవగలిగే వాన. పదిహేను నిమిషాల్లో మూడో దాటు వచ్చింది. అది అసలు గెడ్డ కాదు, దానిలో కలిసే చిన్న పాయ. మామూలు రోజుల్లో పిల్లలు ఒక్క గెంతులో దాటేస్తారట. మేము వెళ్ళేసరికి చోడి (రాగి) అంబలి రంగులో, ఆకులూ పుల్లలూ మోసుకుంటూ పోతోంది. అతను ఒక్క క్షణం చూసి చేయి అడ్డం పెట్టాడు.

ఒక ఎండు పుల్లను విరిచి సరిగ్గా నీటి అంచున మట్టిలో గుచ్చాడు. "దీన్ని చూస్తూ ఉండండి" అని మా పిల్లవాడికి అప్పగించాడు. పది నిమిషాల్లో పుల్ల మొదలు మునిగింది. ఇంకో పది నిమిషాలకు చివర మాత్రం కనిపిస్తూ వణుకుతోంది. తర్వాత కనిపించలేదు. ఒడ్డుకు జానెడు పైన రెండోది గుచ్చాడు. అప్పుడే నీటి అడుగు నుంచి ఒక శబ్దం మొదలైంది, దబ్ దబ్ మని. ఏమిటది అని అడిగితే, అడుగున రాళ్ళు దొర్లుతున్నాయన్నాడు. మా దగ్గర వాన అప్పటికే తగ్గిపోయింది. అంటే ఈ నీరంతా మేము చూడని వానది, పై కొండలో పడినది.

మరిది వెనక్కి వెళ్దామన్నాడు. "వెనక ఆ రెండో దాటు దాటగలమా తమ్ముడూ?" అని దారి చూపే అబ్బాయిని అడిగాను. "పొద్దున మోకాలి లోతున్నది ఇప్పుడు నడుము దాకా వచ్చి ఉంటుంది అక్కా" అన్నాడు. పొద్దున్నుంచి మేడం అంటున్నవాడు అప్పుడే మొదటిసారి అక్కా అన్నాడు. చుట్టు దారుల్లో ఇదే ఇబ్బంది. సగం దాటాక వెనకా గెడ్డే, ముందూ గెడ్డే. నా గుండె వేగం నాకే వినిపించింది. పిల్లవాడిని ఎందుకు తీసుకొచ్చామా అని తోడికోడలు ముఖంలో స్పష్టంగా కనిపిస్తోంది, నోటితో మాత్రం ఒక్క మాట అనలేదు.

ఒడ్డుకు బాగా ఎగువన బండ మీద కూర్చున్నాం. పన్నెండున్నర ప్రాంతంలో అవతలి ఒడ్డుకు నలుగురు ఆడవాళ్ళు వచ్చారు. తలల మీద అడ్డాకుల కట్టలు. కార్తీక మాసంలో విస్తళ్ళకు గిరాకీ, కిందికి తీసుకెళ్తున్నారు. ఆ గెడ్డను పుట్టినప్పటి నుంచి దాటుతున్నవాళ్ళు. వాళ్ళు ఒక్కసారి నీళ్ళకేసి చూసి, కట్టలు దించి, కూర్చుండిపోయారు. ఎవరూ తొందరపడలేదు, ఎవరూ విసుక్కోలేదు. వాళ్ళు కూర్చోవడం చూశాక మా మరిది వెనక్కి వెళ్దామన్న మాట మళ్ళీ ఎత్తలేదు.

నీటి హోరు మీదుగా వాళ్ళలో పెద్దావిడ మా దారి చూపే అబ్బాయితో కేకలు వేసి మాట్లాడింది. అతను మాకు చెప్పాడు. కిందటేడు వానల్లో ఆవిడ కోడలికి నొప్పులు వస్తే డోలీ కట్టి మోసుకొస్తూ ఇక్కడే, ఈ పాయ దగ్గరే ఆగిపోయారట. సగం రాత్రి ఒడ్డున డోలీ దించి కూర్చున్నారట. తెల్లవారుజామున దాటి కింది ఆసుపత్రికి చేరాక బిడ్డ పుట్టింది, ఇద్దరూ బాగున్నారు. ఆవిడ నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు. మేము పగటిపూట, పులిహోర పొట్లాలతో, ఏ తొందరా లేకుండా కూర్చున్నాం, అయినా నా చేతులు చల్లబడ్డాయి. ఆ రాత్రి ఆ పిల్ల ఎలా ఉండి ఉంటుంది?

ఒంటిగంటకు రెండో పుల్ల చుట్టూ తడి మట్టి బయటపడింది. ఒంటిగంటన్నరకు మొదటి పుల్ల చివర కనిపించింది. మా పిల్లవాడు అరిచిన అరుపు ఇప్పటికీ చెవిలో ఉంది. రాళ్ళ శబ్దం ఆగిపోయింది. అయినా అతను కదలలేదు. పుల్ల మొదలు కనిపించాలన్నాడు, నీటిలో పుల్లలూ ఆకులూ రావడం ఆగాలన్నాడు. అతను లేచేసరికి రెండు దాటి అయిదు నిమిషాలు. చిన్న గెడ్డలు ఎంత వేగంగా పొంగుతాయో అంత వేగంగానే తీస్తాయని, పెద్ద నదికి ఉన్నట్టు దీనికి రోజుల తరబడి ఎదురుచూపు ఉండదని అప్పుడు చెప్పాడు. ముందే చెప్పి ఉంటే మేము కాస్త స్థిమితంగా ఉండేవాళ్ళం అన్నాను. "ముందే చెబితే తొందర పెడతారు" అన్నాడు. నిజమే.

దాటిన తీరు వివరంగా రాస్తాను, ఎవరికైనా పనికిరావచ్చు. దారి నీటిని తాకే చోట దాటలేదు. ఇంకా ఎగువకు తీసుకెళ్ళి పాయ వెడల్పుగా పారే చోటు చూశాడు. ఇరుకైన చోట దాటడం సులువనిపిస్తుంది కానీ లోతూ వేగమూ అక్కడే ఎక్కువ. కింద దూకుడు ఉన్న చోట అసలు దిగకూడదు. ఒక పొడవాటి వెదురు బొంగు నరికాడు. అయిదుగురం పక్కపక్కనే నిలబడి బొంగును ఛాతీ ముందు రెండు చేతులా పట్టుకున్నాం. బొంగు నీరు పారే దిశలోనే ఉంటుంది. ఎగువ కొసన అతను, తర్వాత మరిది, మధ్యలో పిల్లవాడు, ఆపైన తోడికోడలు, చివర నేను. నీటి దెబ్బ అంతా మొదటివాడి మీద పడుతుంది, అతని వెనక ఉన్నవాళ్ళకు ప్రవాహం కాస్త నెమ్మదిస్తుంది. అతను "ఒకటి" అంటే అందరం కుడికాలు, "రెండు" అంటే ఎడమకాలు. ఒకసారి నా కాలు జారింది, బొంగు నన్ను నిలబెట్టింది. అవతలి ఒడ్డున పెద్దావిడ చేయి అందించి పైకి లాగింది. ఆ చేయి వదలడానికి నాకు కొంచెం సేపు పట్టింది.

ఆ తర్వాత అదే బొంగుతో అతను ఆ నలుగురినీ మేము వచ్చిన ఒడ్డుకు దాటించి తిరిగి వచ్చాడు. వాళ్ళ ఆకుల కట్ట ఒక్కటి కూడా తడవలేదు.

గ్రామానికి చేరేసరికి మూడు కావస్తోంది. చోడి చేలు కోతకొచ్చాయి, కంది పూత మీద ఉంది. ఒక ఇంట్లో గిన్నెల నిండా అంబలి ఇచ్చారు, నంజుకోవడానికి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. బలవంతం చేయవద్దని దారి చూపే అబ్బాయి కళ్ళతోనే చెప్పాడు. దిగే వాలు ఎర్రమట్టి, జారుడు. ఎక్కడం కంటే దిగడమే మోకాళ్ళకు ఎక్కువ నరకం. కింద చివరి దాటు గురించి దారంతా భయపడుతూ వచ్చాం, తీరా చూస్తే పిక్కల లోతు కూడా లేదు. గుడి మెట్ల దగ్గరికి చేరేసరికి అయిదవుతోంది. ఇంకో అరగంట ఆలస్యమైతే చీకటి పడేది. ఇంటికి ఫోను కలవగానే మా ఆయన కోపంగా మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయారు.

ఖర్చుల మాటకొస్తే, అన్నీ కలిపి రెండు వేల రెండు వందల లోపే. తిరుగు ఆటోకు రెండు వందల యాభై తీసుకున్నాడు. దారి చూపిన అబ్బాయికి వెయ్యి ఇచ్చాం, ఏడు వందలు ఉంచుకుని మిగతాది వెనక్కి ఇవ్వబోయాడు. చాలా సేపు బతిమాలాల్సి వచ్చింది. రెండు ఫోన్లలో ఒకటి ప్లాస్టిక్ కవరులో ఉన్నా తడిసింది, దాని బాగుచేతకు తొమ్మిది వందలు వేరే.

అంతటితో అయిపోలేదు. నవంబరు 27న పిల్లవాడికి జ్వరం వచ్చింది, తలనొప్పితో సహా. అప్పటికే స్క్రబ్ టైఫస్ పేరు చెవిన పడుతోంది, ఒకటి రెండు రోజులకు పత్రికల నిండా అదే. తుప్పల్లో, గడ్డిలో ఉండే కంటికి కనిపించనంత చిన్న చిగ్గర్ పురుగులు కుట్టడం వల్ల వస్తుంది, కుట్టాక మూడు వారాల వరకూ బయటపడవచ్చు. రోజులు లెక్కపెట్టుకుంటే సరిగ్గా ఆ గడువులోనే ఉన్నాం. ఆసుపత్రిలో డాక్టరుగారు అడగకముందే అడవికి వెళ్ళిన సంగతి చెప్పాను. చెప్పడం మంచిదైందన్నారు. చంకలు, నడుము, గజ్జలు వెతికారు. కుట్టిన చోట సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పొక్కు ఉంటుందట, అది ఉండదు కూడా కొందరికి. పొక్కు కనిపించలేదు. రక్తం తీసుకుని, ఫలితం కోసం ఆగకుండా డాక్సీసైక్లిన్ మొదలుపెట్టారు. ఫలితానికి రెండు రోజులు. ఆ రెండు రాత్రులూ నేను మరిది ఇంట్లోనే ఉన్నాను. తోడికోడలు నన్ను ఒక్క మాట అనలేదు, అని ఉంటే తేలికగా ఉండేది. స్క్రబ్ టైఫస్ లేదు, డెంగీ లేదు, మలేరియా లేదు. మూడో రోజుకు జ్వరం దిగింది. వెళ్ళేవాళ్ళు నిండు చేతుల చొక్కా, పొడవు మేజోళ్ళు వేసుకోండి. తుప్పల మీద, గడ్డి మీద కూర్చోకండి. ఇంటికి రాగానే స్నానం చేసి బట్టలు వేడి నీళ్ళలో ఉతకండి. తర్వాత మూడు వారాల్లో జ్వరం వస్తే అడవికి వెళ్ళామని ముందే చెప్పండి.

ఈ జ్వరం కంటే ముందే, నవంబరు 17, సోమవారం, ఆ మూడో దాటు దగ్గర చిన్న కాలిబాట వంతెన కావాలని అర్జీ పెట్టాను. గ్రామస్థులు సంతకాలు, వేలిముద్రలు వేసి ఆ కాగితాన్ని అడ్డాకుల కట్టతో పాటు కిందికి పంపారు. పెద్దావిడ వేలిముద్ర మొదటిది. అర్జీ నంబరు నా ఫోనుకు వచ్చింది. కొలతలకు మనిషి వస్తారని చెప్పారు. వచ్చే రోజు ముందుగా తెలిస్తే సెలవు పెట్టి నేనూ పైకి వెళ్తాను, నీరు ఎంత ఎత్తుకు లేచిందో ఒడ్డున చూపించడానికి.